పసుపు దీపం

మా వారికి కారంటే ప్రాణం. అలాంటి మనిషి, నెల్లాళ్ళుగా స్టీరింగు వెనకాల వెలుగుతున్న పసుపు దీపాన్ని మాత్రం పట్టించుకోలేదు. "ఏవండీ, అదేమిటి?" అంటే "బండి నడుస్తోందిగా!" అనేవారు. చివరికి నా పోరు పడలేక దాని మీద చిన్న స్టిక్కరు అంటించారు. అదీ వినాయకుడి బొమ్మ! ఇంక నాకు నోరెలా వస్తుంది చెప్పండి?

మొన్న విజయవాడ వెళ్తుంటే, సూర్యాపేట దగ్గర ఎర్ర దీపం వెలిగింది. చుక్క కారుతున్న నూనెడబ్బా బొమ్మ. ఊళ్ళో చూపిద్దామని మరో రెండు కిలోమీటర్లు పోనిచ్చారు. షెడ్డులో మెకానిక్కు కుర్రాడు తల పట్టుకున్నాడు.

"ఎర్రది వెలిగితే వెంటనే పక్కకి తీసి ఇంజను ఆపెయ్యాలి సార్. ఆయిల్ ప్రెషర్ లేకపోతే లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుపోతాయి. పసుపుదైతే ఉన్నపళాన ఆపక్కర్లేదు, తొందరలో చూపించాలి. ఆరి ఆరి వెలుగుతుంటే మాత్రం అశ్రద్ధ చెయ్యకూడదు."

ఇంకోటి కూడా చెప్పాడు. తాళం తిప్పగానే ఆ దీపాలన్నీ ఒకసారి వెలిగి, ఇంజను అందుకున్నాక ఆరిపోవాలట. అప్పుడు కూడా వెలగలేదంటే బండి బాగున్నట్టు కాదు, దీపమే పోయినట్టు. పాతకారు కొనేవాళ్ళు ముందు అదే చూసుకోవాలట.

ప్లాస్టిక్ కుర్చీలో రెండు గంటలు కూర్చున్నాను. మా వారి మీద కోపం రావాల్సింది. అమ్మ గుర్తొచ్చింది.

నాకు ఊహ తెలిశాక అమ్మ ఆవకాయ పెట్టని వేసవి లేదు. మూడేళ్ళ క్రితం ఫోనులో, "ఈ ఏడు పెట్టలేదే, ఓపిక లేదు" అంది. "పోనీలే అమ్మా, కొనుక్కుంటాంలే" అన్నాను. ఎంత మంచి కూతుర్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. సంక్రాంతికి వెళ్తే మెట్టు మెట్టుకీ ఆగి ఆయాసపడుతోంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఏడు.

తెలియక జరిగింది తప్పెలా అవుతుంది అంటారు. నిజమే, కారుకైతే ఏ దీపానికి ఏం అర్థమో చెప్పే పుస్తకం ఇస్తారు, అమ్మకి ఇవ్వరు. కానీ ఆ కుర్చీలో కూర్చుని నిజం ఒప్పుకోవాల్సి వచ్చింది. నాకు తెలియకపోలేదు. ఆ మాట వినగానే లోపల ఏదో కలుక్కుమంది. ఊరెళ్ళాలంటే సెలవులు, పిల్లల పరీక్షలు, సగంలో ఉన్న సీరియల్. అందుకే నాకు వీలైన అర్థం తీసుకున్నాను. స్టిక్కరు అంటించడంలో మా వారే నయం, నలుగురికీ కనిపించేలా అంటించారు.

అలాగని ప్రతి దగ్గుకీ ఉలిక్కిపడే ఇంట్లో మాత్రం ఎవరు బతగ్గలరు? మా అత్తగారు రోజుకి నాలుగు దీపాలు వెలిగిస్తారు. ఆవిడ గురించి నాకు బెంగలేదు. ఎప్పుడడిగినా "బానే ఉన్నా" అనే వాళ్ళతోనే చిక్కు.

ఈ వేసవిలో అమ్మ ఆవకాయ పెట్టింది. ఎప్పటికన్నా పది కాయలు తక్కువట. "ఎందుకమ్మా తగ్గించావు?" అన్నాను.

"కాయ పిరంగా ఉందే" అంది.

ఆ శనివారానికే టిక్కెట్టు తీసుకున్నాను.