చెరువుకట్ట – ఉత్సర్గధర్మము

యజ్ఞయాగములు ఇష్టమనియు, బావులు, చెరువులు, తోటలు, దేవాలయములు నిర్మించుట పూర్తమనియు మన ధర్మశాస్త్రములు విభజించినవి. పూర్తమునందు చెరువునకొక విశేషము కలదు. దానమునకు పుచ్చుకొనువాడు ఉండవలెను. చెరువు విషయమున జరుగునది దానము కాదు, ఉత్సర్గము. త్రవ్వించినవాడు తన స్వత్వమును వదలుకొని ఆ నీటిని సర్వప్రాణులకును విడిచిపెట్టును. పిమ్మట అతడును పదిమందిలో ఒకడై వచ్చి త్రాగవచ్చును. నాది యనుటకు మాత్రము వీలులేదు.

హైదరాబాదునకు పడమట శేరిలింగంపల్లి మండలమున గోపన్‌పల్లి కలదు. ఒకప్పుడది సేద్యపు పల్లె. నల్లగండ్ల మొదలైన ఆ చుట్టుప్రక్కల ఊళ్లన్నియు చెరువుకట్టల నీడన బ్రదికినవే. నేడచ్చట వరిమళ్లకు మారుగా ఆకాశమునంటు భవనములు, కంప్యూటరు కొలువుల కార్యాలయములు వెలసినవి. “పొలమే లేనప్పుడు చెరువుతో పనియేమి?” యని విజ్ఞులే అడుగుచున్నారు. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. ఆయకట్టు కొరకు వేసిన కట్ట, ఆయకట్టు పోయిన పిదప మట్టిదిబ్బయే గదా!

కాని ఉత్సర్గము రైతునకు మాత్రమే చేసినది కాదు. పశువులు, పక్షులు, దిగువనున్న బావులు అందులో భాగస్వాములే. పైగా చెరువు ఒంటరిది కాదు. తూము నీటిని పొలమునకిచ్చును. మత్తడి మిగులునీటిని క్రింది చెరువునకు పంపును. గొలుసులో ఒక కొక్కెమును తీసివేసినచో నీరు మాయమగునా? కడపసీమలో విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. వేయిమంది రెండేండ్లు పనిచేసిరట. చెరువునకుండరాని ఆరు దోషములను ఆ శాసనము చెప్పినది. అందు నీరు ఎక్కువై నేల చాలకుండుట ఒకటి. శిఖము భూములను ఆక్రమించుటవలన ఆ దోషమును నేడు మనము చేజేతుల కల్పించుచున్నాము. 2020 అక్టోబరు వానలకు గగన్‌పహాడ్ కడ అప్పచెరువు కట్ట తెగి ప్రాణములు పోయినవి.

ఇది రైతుల గొడవ, యాత్రికులమైన మనకేల యనరాదు. విజయనగర ప్రభువుల కాలమున శ్రీవారి నైవేద్యములకై భక్తులు సమర్పించిన ధనముతో దేవస్థానమువారు తమ గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించి, పెరిగిన పంట ఆదాయముతో ఆ నైవేద్యములు జరిపించిరని తిరుమల శాసనములు చెప్పుచున్నవి. నాటి ప్రసాదపు మెతుకునకు చెరువుమట్టితో చుట్టరికము కలదు.

చెరువును తెగగొట్టినవానిని నీటముంచి చంపవలెనని మనువు విధించెను. కఠినమే. అయితే ఆయన కాలమున భేదకుడు పలుగుతో వచ్చెడివాడు, కంటబడెడివాడు. ఇప్పుడో, లారీతో ఒకడు మట్టి పోయును, మరియొకడు హద్దురాయి జరుపును, వేరొకడు తెలిసియు తెలియనట్లు స్థలము కొనును. వీరిలో భేదకుడెవడు? కొన్నవాడును ఆ పాపమున పాలివాడే యని నా తాత్పర్యము. మనువే మరియొక దారియు చూపెను: చెడిన చెరువును మరల బాగుచేసి, ఉత్తమసాహసమను పెద్ద జరిమానా చెల్లించినచో ప్రాణము దక్కును. బాగుచేయించినవానికి మొదట కట్టించినవాని పుణ్యమే లభించునని విష్ణుస్మృతి. గోపన్‌పల్లి వంటి ఊళ్లలో ఆ పని ఎంతటిదో కాదు: కట్టపై మొలచిన చెట్లవేళ్లు లోతునకు దిగకముందే తీయుట, తూము పూడిక తోడుట, మత్తడి దారిని విడిపించుట.