అడగని జాతకం

వేణుస్వామి చెప్పింది జరిగిందా లేదా అని మన ఇళ్ళలో జరిగినంత చర్చ, ఆయన ఎవరి గురించి, ఎవరడిగితే చెప్పాడన్న దాని మీద జరగలేదు. నంద్యాలలో మా వీధిలో సాయంత్రం అరుగు మీద కూర్చునే ఆడవాళ్ళు కూడా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. "సమంత విషయంలో చెప్పింది అయింది కదా!" అంటుంది ఒకామె. "జగన్ విషయంలో కాలేదు గదా" అంటుంది ఇంకొకామె. లెక్క సరిపోయిందనుకుని లేచి వెళ్ళిపోతారు.

జరిగినవి ఒకసారి వరసగా చూద్దాం. సమంత, నాగచైతన్య విడిపోతున్నట్టు 2021 అక్టోబరు 2న ప్రకటించారు. ఆ సంగతి ముందే చెప్పిన మనిషిగా వేణుస్వామికి పేరొచ్చింది. టీవీ, యూట్యూబు ఆయన చుట్టూ తిరిగాయి. సినిమా తారలు ఆయనతో పూజలు చేయించుకున్న ఫోటోలు ఊరూరా తిరిగాయి. 2024 ఎన్నికల్లో జగన్ మళ్ళీ ముఖ్యమంత్రి అవుతాడన్నాడు. జూన్ 4న ఆ పార్టీకి 175 స్థానాల్లో 11 వచ్చాయి. లెక్క తప్పిందని ఒప్పుకుని, ఇకమీదట ప్రముఖుల జాతకాలు బహిరంగంగా చెప్పనన్నాడు. ఆగస్టు 8న నాగచైతన్యకీ శోభిత ధూళిపాళకీ నిశ్చితార్థం అయింది. కొద్దిరోజుల్లోనే, వాళ్ళిద్దరూ 2027లో విడిపోతారని ఆయన మాట బయటికొచ్చింది. సినిమా జర్నలిస్టులు తెలంగాణ మహిళా కమిషన్‌కి ఫిర్యాదు చేశారు. కమిషన్ నోటీసు ఇచ్చింది. వ్యవహారం హైకోర్టుదాకా వెళ్ళింది. చివరికి 2025 జనవరిలో ఆయన కమిషన్ ముందుకొచ్చి క్షమాపణ చెప్పాడు.

క్షమాపణ దేనికి? తప్పు చెప్పినందుకా? 2027 అప్పటికి రాలేదు కదా. అందుకే ఈ సంగతి నాకు ముఖ్యమనిపిస్తుంది. మాట నిజమవుతుందో అబద్ధమవుతుందో తేలకముందే అది తప్పు అని కమిషన్ భావించింది. నేను ఇంకొక అడుగు వేస్తాను. ఆయన చెప్పినవన్నీ నూటికి నూరుపాళ్ళూ జరుగుతాయనే అనుకుందాం. అయినా అది తప్పే.

మా అమ్మమ్మ కాలంలో పంచాంగం చెప్పే అయ్యగారి దగ్గరికి మనమే వెళ్ళేవాళ్ళం. చాపమీద కూర్చుని, తాంబూలంలో దక్షిణ పెట్టి, మన సంగతి మనం అడిగేవాళ్ళం. ఆయన చెప్పింది ఆ గది దాటేది కాదని నేననను. దాటేది, వీధంతా తిరిగేది కూడా. కానీ అడిగింది మనం. టీవీ ఆ చాప ఎత్తేసింది. అడగని మనిషి జాతకాన్ని, ఆ మనిషితో సంబంధం లేని లక్షలమందికి చెప్పటం మొదలైంది. శోభిత ఆయన్ని ఏమీ అడగలేదు. ఇంకా పెళ్ళికాని అమ్మాయి కాపురానికి ఒక గడువు తేదీ రాసిపెట్టారు, మందుసీసా మీద రాసినట్టు. ఇకమీదట ఆమె ఒకరోజు భర్త పక్కన లేకుండా కనబడితే జనం ఆ తేదీ గుర్తు చేసుకుంటారు. మాట నిజమైతే ఆ బాధ తగ్గుతుందా?

పెద్దింటి ఆడవాళ్ళ సంగతి మనకెందుకు అంటారేమో. మన ఇళ్ళలో జరిగేది అచ్చంగా ఇదే. మూలా నక్షత్రం పిల్ల మామగారికి గండం. ఆశ్లేష అయితే అత్తగారికి. జ్యేష్ఠ బావగారికి, విశాఖ మరిదికి. ఈ జాబితా చదువుకోని ఆడవాళ్ళకి కూడా నోటికొచ్చు. అల్లుడి నక్షత్రం వల్ల అత్తమామలు పోతారని సంబంధం తప్పించుకున్న ఇల్లు మాత్రం నేను చూడలేదు. చావు ఎవరిదైనా కారణం కోడలి పుట్టుకలో వెతుకుతారు.

ఆళ్ళగడ్డలో నాకు తెలిసిన ఒకామె జాకెట్లు కుడుతుంది. కూతురు పుట్టింది మూలలో. పసిపిల్ల బారసాల కాకముందే ఆమె నిర్ణయం తీసుకుంది. "టైము నేనే మార్పిస్తిని మేడమ్. పిల్ల ఏం పాపం చేసిందని? దేవుడు రాసేది ఆయన రాసుకుంటాడు, కాయితం మీద రాసేది మనమే గదా" అంది మిషను తొక్కుతూనే. జాతకాన్ని నమ్ముతుంది. పొద్దున్నే టీవీలో రాశిఫలాలు విననిదే పొయ్యి వెలిగించదు. నమ్ముతూనే దిద్దుకుంది. మనం, అంటే పుస్తకాలు చదివి మూఢనమ్మకం అని ముద్రవేసేవాళ్ళం, ఈ తెలివిని ఎక్కడ పెడతాం?

నాకు జ్యోతిషం మీద నమ్మకం లేదు. 2001లో యుజిసి దాన్ని విశ్వవిద్యాలయాల్లో పెట్టబోతే, హైదరాబాదు సిసిఎంబి స్థాపించిన పి.ఎం.భార్గవ కోర్టుకెక్కాడు. 2004లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. నేను భార్గవ వైపే. 1994 నాటి కేబుల్ నిబంధనల్లో మూఢనమ్మకాల్ని ప్రోత్సహించే కార్యక్రమాలు వేయకూడదని ఉందని కూడా తెలుసు. అయితే ఫోను చేసే ఆడవాళ్ళ గొంతులు విన్నప్పుడల్లా ఆ నిబంధన చాలదనిపిస్తుంది. పుట్టిన తేదీ చెప్తారు, టైము చెప్తారు, ఆ తర్వాత ఒక్క వాక్యం: "మా ఆయన తాగుడు ఎప్పుడు మానతాడు స్వామీ?" ఈ మాట పుట్టింట్లో అనలేదు, పోలీసు స్టేషన్లో అనలేదు. అక్కడ "శని నడుస్తోందమ్మా, నీ తప్పేం లేదు" అంటే ఆమె ఊపిరి పీల్చుకుంటుంది. ఇన్నేళ్ళలో నీ తప్పు లేదని ఆమెతో అన్న మొదటి మగవాడు అతనే కావచ్చు! ఆ వెంటనే రంగురాయి, శాంతి, ఇంత ఖర్చు. తాగేవాడి ప్రస్తావన రాదు. శని తాగినట్టు మాట్లాడతారు.

భవిష్యత్తు చెప్పేవాళ్ళు మా ప్రాంతానికి కొత్త కాదు. బనగానపల్లె ఈ జిల్లాలోనే ఉంది. గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట్లో గోవులు కాస్తూ, రవ్వలకొండ గుహలో పోతులూరి వీరబ్రహ్మం కాలజ్ఞానం రాశాడని కథ. జీతమిచ్చే యజమానురాలు తన పసులకాపరిని గురువుగా ఒప్పుకుంది. దూదేకుల సిద్ధయ్యని శిష్యుడిగా చేరదీసిన సంప్రదాయం అది. అందులో ఎక్కువగా వినబడేది లోకం గతి, ఏలికల గతి. అలాగని అక్కడ ఆడవాళ్ళకి అంతా బాగుందని కాదు. ఒక స్త్రీ దేశాన్నేలుతుందన్న మాటను జనం వింతల్లో ఒకటిగానే చెప్పుకుంటారు. ఇందిరాగాంధీ పాలించిన 1966-77, 1980-84 కలిపి చూపి, అదిగో పదహారేళ్ళు అంటారు. 2014లో ఈ ఆళ్ళగడ్డలోనే శోభా నాగిరెడ్డి ఏప్రిల్ 24న ప్రమాదం వల్ల చనిపోయి, మే నెలలో ఓట్లు పడి గెలిచింది. అంత వింత ఎవరి జోస్యంలోనూ నేను ముందుగా వినలేదు.

పోర్టోరికోలో వాల్టర్ మెర్కాడో అని ఒకాయన ఉండేవాడు. 1932లో పుట్టి 2019లో పోయాడు. నేలదాకా జీరాడే జరీ అంగీలు, వేళ్ళనిండా ఉంగరాలు, దిద్దిన ముఖం. ఆడా మగా అని తేల్చి చెప్పలేని ఆ అలంకారంతో దశాబ్దాలపాటు స్పానిష్ మాట్లాడే అమ్మమ్మలకి రాశిఫలాలు చెప్పాడు. ఆయన పేరుతో ఫోను లైన్ల వ్యాపారం కూడా నడిచింది, కాబట్టి సాధువేం కాదు. కానీ రోజూ చివర అందరికీ ప్రేమ పంపి సెలవు తీసుకునేవాడు. ఎవరి కాపురమూ ఎప్పుడు కూలుతుందో చెప్పి పేరు తెచ్చుకోలేదు. ఆడంబరం గురించి నాకు పేచీ లేదని చెప్పటానికే ఇదంతా. వేణుస్వామి ఎలాంటి ఉంగరాలు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

జాకెట్లు కుట్టే ఆమె కూతురు ఇప్పుడు నంద్యాలలో నర్సింగు చదువుతోంది. సంబంధాలు వస్తున్నాయి. మార్చిన టైముతో వేయించిన జాతకమే అందరికీ ఇస్తున్నారు. "పిల్లకి చెప్పావా?" అని అడిగాను. "చెప్తిని. నవ్వె" అంది. అసలు టైము ఎంతని అడిగితే మాత్రం తల ఎత్తకుండా దారం కొరికి, మిషను మళ్ళీ తొక్కటం మొదలుపెట్టింది.