ఆమె ఆకలి: త్యాగమా, హక్కు భంగమా?

మన ఇళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. ముందు మగవారు తింటారు, తర్వాత పిల్లలు. చివరికి మిగిలింది ఇల్లాలు తింటుంది. కూర అయిపోతే పచ్చడితో సరిపెట్టుకుంటుంది. అడిగితే "ఆకలిగా లేదు" అంటుంది. దీన్ని మనం త్యాగం అని మెచ్చుకుంటాము. కాని ఇది నిజంగా త్యాగమేనా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు పురుషులలో 25 శాతం మందికే ఉంది. నెలసరి, కాన్పులు కూడా ఇందుకు కారణాలే. అందుకే ఆమెకు బలమైన ఆహారం ఎక్కువ కావాలి. మన ఇళ్ళలో మాత్రం ఆమెకే తక్కువ దక్కుతోంది.

తాము లేమిలో ఉండి కూడా ఇతరులకు ప్రాధాన్యమిచ్చిన అన్సార్లను దివ్యఖుర్ఆన్ (59:9) ప్రశంసించింది. దీన్నే 'ఈసార్' అంటారు. ఈ ఆయత్ సందర్భంగా బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఒక సంఘటన ఉంది. ఒక అన్సారీ (ర) అతిథిని ఇంటికి తీసుకువెళ్ళారు. ఇంట్లో పిల్లలకు సరిపడా అన్నమే ఉంది. దంపతులు పిల్లల్ని నిద్రపుచ్చి, దీపం ఆర్పి, తింటున్నట్లు నటించి అతిథికి పెట్టారు. గమనించండి! ఆ రాత్రి భార్యాభర్తలిద్దరూ పస్తున్నారు. భర్త కడుపునిండా తిని, త్యాగాన్ని భార్యకు వదిలేయలేదు.

"ఆమె తనంతట తానే మానుకుంటోంది కదా!" అని కొందరంటారు. మెహర్ విషయం చూడండి. భార్య మనస్ఫూర్తిగా వదులుకున్న మెహరే భర్తకు ధర్మసమ్మతమని ఖుర్ఆన్ (4:4) నియమం. అత్తమామలు ఏమంటారోనన్న భయంతో వదులుకున్నది మనస్ఫూర్తిగా ఇచ్చినట్లు కాదు. ముద్ద విషయంలోనూ ఇదే కొలమానం ఎందుకు కాకూడదు? ముందే కూర్చుని తన వాటా తినే స్వేచ్ఛ ఉన్నప్పుడే, దాన్ని వదులుకోవడం త్యాగమవుతుంది.

ఆ స్వేచ్ఛ ఎందుకు లేదంటే, ఆమె చేతిలో డబ్బు లేదు. మెహర్ బాకీగానే ఉండిపోతుంది. పుట్టింటి ఆస్తిలో షరీఅత్ ఇచ్చిన వాటా అన్నదమ్ముల దగ్గరే ఆగిపోతుంది. రోజంతా బీడీలు చుట్టినా కూలి డబ్బులు అప్పులకే పోతాయి. 2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డులో 18 ఏళ్ళు నిండిన పెద్ద స్త్రీనే ఇంటి యజమానిగా గుర్తించింది. కాని బియ్యం ఒక్కటే చాలదు. పప్పు, గుడ్డు, మాంసం కొనే డబ్బు మగవారి జేబులో ఉంటుంది. ధరలు పెరిగితే మొదట తగ్గేది ఆమె వాటాయే.

ఇస్లాంలో భార్య పోషణ (నఫఖా) భర్త చేసే దానం కాదు, అతని విధి. భార్య సంపన్నురాలైనా ఆ విధి తొలగిపోదు. భార్య హక్కు ఏమిటని అడిగిన సహాబీకి, నీవు తిన్నప్పుడు ఆమెకూ తినిపించాలని దైవప్రవక్త (స) బోధించారు. అబూ సుఫ్యాన్ (ర) తగినంత ఇవ్వడం లేదని హింద్ (ర) విన్నవించుకున్నప్పుడు ఆయన (స) ఆమెకు సహనం బోధించి పంపలేదు. తనకు, పిల్లలకు సరిపడా ధర్మబద్ధంగా తీసుకోమని అనుమతించారు.

సోదరులారా! దస్తర్ఖాన్ పరచినప్పుడు ఆమెనూ కూర్చోబెట్టండి. గిన్నెలో కూర తక్కువైతే అందరికీ సమానంగా తగ్గనివ్వండి. బాకీ ఉన్న మెహర్‌ను, ఆపిన వారసత్వపు వాటాను చెల్లించండి. మన ఇంటివారి హక్కులు నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.