కొలతయు, కొలిచిన పాదమును

నాంపల్లి స్టేషనులో దిగి గాని, ఆబిడ్స్ మీదుగా గాని నౌబత్ పహాడ్ చేరు యాత్రికులకు అచ్చట రెండు దర్శనములు లభించును. 1976లో వెలసిన శ్రీ వేంకటేశ్వరాలయ మొకటి. 1985లో ఏర్పడిన బిర్లా నక్షత్రశాల రెండవది. రెంటిని చూచి దిగు పిల్లలు పెద్దల నడుగుదురు: "బ్రహ్మకు పగలు 432 కోట్ల సంవత్సరములని పురాణము చెప్పును. విశ్వము వయస్సు సుమారు 1380 కోట్లని ఇచ్చట చెప్పిరి. ఏది నిజము?"

ఈ ప్రశ్నను కసరి త్రోసివేయరాదు. ఖగోళజ్ఞులది వట్టి ఊహ కాదు; అనుమాన ప్రమాణము. పొగను బట్టి నిప్పును తెలియునట్లు వారు వెలుగును బట్టి దూరమును తెలియుదురు. నక్షత్ర సముదాయము లెంత దూరమున నున్నవో అంత వేగముగా మననుండి తొలగుచున్నవని 1929లో హబుల్ చూపెను. ఆ విస్తరణమును వెనుకకు లెక్కించి, 1965లో బయల్పడిన ఆదికాలపు కాంతిశేషముతో సరిచూచి, ఈ వయస్సును నిర్ణయించిరి. మనకు గోచరింపదగిన విశ్వము అడ్డుకొలత సుమారు 9300 కోట్ల కాంతి సంవత్సరములు. దాని కావల నెంత కలదో కొలత కందలేదు.

బ్రహ్మకు మూడు పగళ్లు కలిపిన 1296 కోట్లు, దాదాపు సరిపోయెనని కొందరు మురియుదురు. రాత్రులను విడిచి పగళ్లనే లెక్కించుట యే శాస్త్రము? కొలత సవరింపబడిన నాడు ఆ అతుకు ఊడును. దానితో బిడ్డ విశ్వాసమును ఊడును.

కల్పగణనము మన అహంకారము నణచుటకు ఏర్పడినది. మూడడుగులే కదా యని బలి తలంచెను; లోకములను కొలిచిన ఆ పాదమును మాత్రము కొలువజాలక శిరస్సు వంచెను. కావున బిడ్డలకు లెక్కను లెక్కగా నేర్పుడు. స్వామి సన్నిధిలో చేతులు జోడించుటయు నేర్పుడు.