దేహరక్షణము - కాయకము

వార్ధక్యమున దినములో ఎంత భాగము దేహరక్షణమునకే చెల్లునో వయస్సు మళ్ళినవారికే తెలియును. తెల్లవారగానే చక్కెర పరీక్ష, పరగడుపున ఒక మాత్ర, భోజనానంతరము మరియొకటి, గోదావరి గట్టున నడక, రాత్రి కంటిలో చుక్కలు. ధవళేశ్వరమునందలి వృద్ధులకు పెద్ద ఆసుపత్రి పని పడినచో రాజమహేంద్రవరమునకు పోయి వచ్చుటతోనే ఒక పూట గడచును. బ్రతుకుటకై చేయు పనులే బ్రతుకంతయు నాక్రమించిన, లింగపూజకును కాయకమునకును దాసోహమునకును మిగులు కాలమెంత? ఇది దేహాభిమానము కాదా యని భక్తుడు కలతపడుట సహజము.

వీరశైవము దేహమును నిందింపదు. ఇష్టలింగమును ధరించిన దేహము లింగనిలయము. కాయకమను మాటలోనే కాయము కలదు. కావున దేహమును కాపాడుకొనుట దోషము కానేరదు. ఎందులకు కాపాడుకొనుచున్నామనునదే విచారింపవలసిన విషయము.

ధవళేశ్వరపు ఆనకట్ట చరిత్రమే ఇందులకు నిదర్శనము. 1847లో పని ప్రారంభమాయెను. మరుసటి యేడే ఆర్థర్ కాటన్ అనారోగ్యముచే సెలవుపై ఆస్ట్రేలియాకు పోవలసి వచ్చెను. కెప్టెన్ ఓర్ పని నడిపెను. 1850లో కాటన్ తిరిగి వచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియాయెను. దేహమును బాగుచేసుకొనుటకు పోయిన ఆ కాలము వ్యర్థమని డెల్టా రైతు అనగలడా? నేటికిని వేసవిలో కాలువలకు నీరాపి పూడిక తీయుదురు. ఆ పనియంతయు పొలమునకు నీరందుటకే.

అయితే తిరిగి పనికి రాలేనివారి మాటయేమి? మూత్రపిండములు చెడి, వారమునకు మూడుమార్లు, మారునకు నాలుగు గంటలు డయాలసిస్ యంత్రము చెంత గడుపువారు కలరు. తమ జీవితము ఇతరులకు భారమైనదని వారు కుమిలిపోవుదురు. అట్టివారికి నియమము తప్పకుండుట, సేవ చేయువారిపై విసుగుకొనకుండుట, పంచాక్షరి మరువకుండుట - ఇదియే కాయకము. సత్యశుద్ధితో చేసినది ఆసుపత్రి మంచముపైనను కాయకమే యగును.

మిగిలిన బాధ్యత కుటుంబీకులది. వృద్ధులకు మారుగా వరుసలో నిలుచుట, మందులు తెచ్చుట, చీటీ చదివి చెప్పుట దాసోహమే. పడుచువారొక పూట వెచ్చించినచో పెద్దలకు ఆ పూట పూజకో, మనుమలకు శరణుల కథలు చెప్పుటకో దక్కును.

ఆరోగ్యముండియు గడియగడియకు నాడి చూచుకొనుచు, రోగప్రసంగమే తప్ప వేరు మాట లేక కాలము పుచ్చుట మాత్రము దేహాభిమానమే. మాత్ర వేసుకొనిన పిదప మిగిలిన కాలము దేనికి వినియోగపడుచున్నదో ప్రతి భక్తుడును దినదినము తరచి చూచుకొనవలెను.