దారి అడగడం: కాశీ సందుల్లో శబ్దప్రమాణం

పరిచయం లేని మహానగరంలో మొదటిసారి అడుగుపెట్టిన మనిషి ఆ రోజంతా దాదాపు పూర్తిగా ఇతరుల మాట మీదే నడుస్తాడు. ఏ బండి ఎక్కాలో, ఎక్కడ దిగాలో, ఏ సందులో మళ్లాలో అతనికి కళ్లు చెప్పలేవు, గతానుభవమూ చెప్పలేదు. రైల్లో పక్క సీటు ప్రయాణికుడో, టీకొట్టు యజమానో, గోడ మీది బోర్డో, చేతిలోని ఫోనో చెప్పినదాన్ని నిజమని పట్టుకుని అతడు అడుగు వేయాలి. ఇలా ఒకరి మాట విని తెలుసుకున్నది అసలు జ్ఞానమేనా, లేక అసలైన జ్ఞానం కలిగేదాకా చేసుకునే సర్దుబాటు మాత్రమేనా అన్నది మన దర్శనాలు శతాబ్దాలపాటు తర్కించిన ప్రశ్న. వేదం ప్రమాణమా కాదా అన్న పెద్ద వివాదంలో భాగంగానే ఆ తర్కం ఎక్కువగా సాగినా, దాని పునాదిలో ఉన్నది దారి అడిగేవాడికీ చెప్పేవాడికీ మధ్య రోజూ జరిగే వ్యవహారమే. ఆ సంగతిని దగ్గరగా చూడాలంటే, తెలుగువారు తరతరాలుగా కొత్తవారై వెళ్లి, తికమకపడి, చివరికి గమ్యం చేరుకుంటూ వస్తున్న కాశీ నగరం కన్నా తగిన చోటు లేదు.

కాశీలో కొత్తవాడి తికమక ఊళ్లోకి రాకముందే మొదలవుతుంది. వారణాసి జంక్షన్‌ను స్థానికులు క్యాంట్ అంటారు. ఒకప్పటి మండువాడీహ్ స్టేషన్ 2021 నుంచి బనారస్ అన్న పేరుతో ఉంది. గంగకు అవతల ఉన్న మొఘల్‌సరాయ్ 2018లో పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అయింది. స్టేషన్ నుంచి ఆటోలో గొదౌలియా కూడలి దాకా రాగలిగినవాడు కూడా అక్కడ బండి దిగి, మిగిలిన దారి కాలినడకనే పోవలసి వస్తుంది. అక్కడి నుంచి మొదలయ్యే పాత సందులు ఎంత ఇరుకంటే, ఎదురుగా ఒక ఆవు నింపాదిగా నడిచివస్తే మనిషి గోడకు ఆనుకుని దానికి దారి ఇవ్వాలి. రెండు పక్కలా ఎత్తయిన ఇళ్ల మధ్య ఆకాశం సన్నని పట్టీలా కనిపిస్తుంది తప్ప, సూర్యుణ్ణి చూసి దిక్కు పోల్చుకునే వీలు చాలాచోట్ల ఉండదు. పాండే హవేలీ ప్రాంతంలో తెలుగు యాత్రికులు దిగే ఆంధ్రాశ్రమం నుంచి విశ్వనాథుని గుడికి ఒంటరిగా బయలుదేరిన కొత్తవాడు, తాను ఇంతకుముందు దాటివచ్చిన పాల దుకాణమే మళ్లీ ఎదురైతే, అది అదేనో, దానిలాంటి మరొకటో తేల్చుకోలేడు.

అతనికి ఉన్న సాధనాలను తర్కశాస్త్రం ప్రమాణాలు అంటుంది. ప్రమాణమంటే యథార్థమైన జ్ఞానాన్ని పుట్టించేది. న్యాయదర్శనం వీటిని నాలుగుగా లెక్కించింది. మొదటిది ప్రత్యక్షం, అంటే ఇంద్రియాలతో నేరుగా తెలుసుకోవడం. అది సందు మలుపు దాకా పనిచేసి అక్కడ ఆగిపోతుంది. రెండవది అనుమానం, అంటే కనిపించిన గుర్తునుబట్టి కనిపించనిదాన్ని నిశ్చయించుకోవడం. సందులో దిగుడు మెట్లు మొదలైతే గంగ దగ్గరపడిందని కొత్తవాడు ఊహించగలడు. కాశీలో గంగ ఉత్తరవాహిని కనుకా, ఘాట్లన్నీ పడమటి ఒడ్డునే ఉన్నాయి కనుకా, నదికి ఎదురుగా నిలబడితే తన ఎడమచేతివైపు ఉన్నది ఉత్తరమని నిశ్చయించుకోగలడు. రామనామమే సత్యమని పలుకుతూ శవాన్ని మోసుకుపోయేవారు ఎదురైతే, వారి వెనుక నడిచినవాడు చాలావరకు మణికర్ణికా ఘాట్‌కు చేరుకుంటాడు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనన్న తెలుగు సామెత ఒకనాటి ప్రయాణపు కష్టాన్ని చెప్పినా, ఆ సందులో నిలబడి చూసినవారికి అందులో మరో అర్థం స్ఫురిస్తుంది, ఎందుకంటే ఆ నగరంలో కాటికి పోయే దారీ కాశీవాసులు పాలకూ కూరలకూ తిరిగే దారీ ఒకటే.

మూడవది ఉపమానం, అంటే తెలిసినదానితో పోలిక చెప్పగా తెలియనిదాన్ని గుర్తుపట్టడం. అడవిలో గవయమనే మృగం ఆవులా ఉంటుందని ముందే విన్నవాడు దాన్ని చూడగానే పోల్చుకోవడం దీనికి శాస్త్రాల్లోని ఉదాహరణ. దక్షిణాది గుళ్ల గాలిగోపురాలకు అలవాటుపడిన కళ్లు కాశీలో గోపురాన్నే వెతుకుతాయి. 1780లో అహల్యాబాయి హోల్కర్ కట్టించిన విశ్వనాథాలయానికి ఉన్నది గోపురం కాదు, బంగారు రేకు తాపడం చేసిన శిఖరమని ఎవరైనా ముందే పోలిక చెప్పి ఉంటేనే అతడు దాన్ని గుర్తుపడతాడు. అయితే ఆ పోలికను చెప్పిందీ మరో మనిషే. అనుమానానికి కావలసిన గుర్తులూ, ఉపమానానికి కావలసిన పోలికలూ చాలావరకు ఒకరు చెప్పగా విన్నవే కనుక, కొత్తవాడి భారమంతా చివరికి నాలుగవ ప్రమాణమైన శబ్దం మీదికే వస్తుంది.

శబ్దమంటే ఇక్కడ చప్పుడు కాదు, ఆప్తుని వాక్యం. ఆప్తుడంటే ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పేవాడని తర్కసంగ్రహంలో నిర్వచించిన అన్నంభట్టు ఆంధ్రదేశీయుడు. కాశీకి పోయినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు కాలేరని పండితలోకంలో ఒక నానుడి కూడా ఉంది. ఈ నాలుగవ ప్రమాణాన్ని అందరూ ఒప్పుకోలేదు. ప్రత్యక్షం తప్ప మరేదీ ప్రమాణం కాదన్నారు చార్వాకులు. మాట విని తెలుసుకోవడం కూడా ఒకరకమైన అనుమానమేనన్నారు వైశేషికులూ బౌద్ధ తార్కికులూ. వారి లెక్కలో, చెప్పినవాడు నమ్మదగినవాడు కనుక అతడు చెప్పింది నిజమై ఉండాలని వినేవాడు లోలోపల ఊహించుకుంటాడు. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు దీన్ని అంగీకరించలేదు, ఎందుకంటే ఎడమవైపు రెండో సందు అన్న మాట వినగానే అర్థమయ్యేది ఎడమవైపు రెండో సందే తప్ప, చెప్పినవాడి గుణగణాల మీద కట్టిన ఒక ఊహ కాదు. కొత్త ఊళ్లో నడిచే మనిషి అనుభవం ఈ విషయంలో నైయాయికుల పక్షానే నిలుస్తుంది. దారి చెప్పినవాడి పేరైనా తెలియకుండానే అతడు ఎడమకు తిరుగుతాడు.

అయితే అందరి మాటా ఆప్తవాక్యం కాదు. గుడి ఈరోజు మూసేశారనీ, తనతో వస్తే ఇంకో గొప్ప చోటు చూపిస్తాననీ స్టేషన్ బయటే కొత్తవాడి వెంటపడేవాడు నోరు తెరిచి చెబుతున్నది వాక్యమే. మరి తేడా ఎక్కడుంది? న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుని ప్రామాణ్యానికి మూడు కారణాలు చెప్పాడు: చెప్పే విషయాన్ని తాను స్వయంగా ఎరిగి ఉండటం, ప్రాణుల పట్ల దయ, ఎలా ఉన్నదాన్ని అలాగే తెలియజెప్పాలన్న కోరిక. అంతకన్నా గమనించవలసిన సంగతి, ఈ లక్షణం ఋషికీ, ఆర్యునికీ, మ్లేచ్ఛునికీ సమానమని ఆయన స్పష్టంగా చెప్పడం. ఎవరు చెప్పారన్నది కులంతోనూ మతంతోనూ భాషతోనూ కాక, ఎరుకతోనూ దయతోనూ నిజాయితీతోనూ తూగుతుంది. విశ్వనాథుని గుడికి దారి అడిగిన తెలుగు భక్తునికి మదన్‌పురాలో చీరలు నేసే ముస్లిం పనివాడు వేలెత్తి చూపిన సందు సరైనదైతే, ఆ క్షణంలో అతడే ఆప్తుడు.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా మాట తప్పుతోవ పట్టిస్తుంది. ఇరవై ఏళ్ల కింద కాశీ చూసివచ్చిన పెద్దాయన ప్రేమతో, నిజాయితీతో చెప్పిన గుర్తులు కూడా ఇప్పుడు పనికిరాకపోవచ్చు, ఎందుకంటే 2021 డిసెంబరు 13న ప్రారంభమైన విశ్వనాథ ధామం కోసం గుడి చుట్టూ ఉన్న ఇళ్లనూ సందులనూ తొలగించి, గంగ ఒడ్డు నుంచి నేరుగా గుడికి వెడల్పయిన దారి వేశారు. ఆయనకు దయ ఉంది, నిజం చెప్పాలన్న కోరికా ఉంది, కానీ ఆయన ఎరిగిన ఊరు ఇప్పుడు అక్కడ లేదు. ఫోన్లోని పటం విషయం ఇంకోరకం. దారులను నమోదు చేసిన ఎందరో అజ్ఞాత వ్యక్తుల మాటల కూర్పే కనుక అదీ శబ్దమే. అయితే ఎత్తయిన గోడల మధ్య ఉపగ్రహ సంకేతాలు సరిగా అందక అది మనిషిని పక్క సందులో ఉన్నట్టు చూపినప్పుడు, ఎదుటివాడి ముఖంలోని అలసటను చూసి నాలుగడుగులు వెంట నడిచి వదిలిపెట్టే దయ దానికి ఉండదు. పటాన్ని వాడవద్దని దీని అర్థం కాదు. పటం ఉన్నా మనిషిని అడగవలసిన అవసరం తీరదని మాత్రమే.

చెప్పినవాడు ఆప్తుడో కాదో కొత్తవాడికి ముందే ఎలా తెలుస్తుందన్న చిక్కు ఇంకా మిగిలే ఉంది. కలిగిన జ్ఞానం, దాన్ని తప్పని తేల్చేది ఎదురుకానంతవరకు తనంతట తానే ప్రమాణమని మీమాంసకులు వాదించారు. దీన్ని స్వతఃప్రామాణ్యం అంటారు. జ్ఞానం నిజమో కాదో దానికి బయటి ఆధారంతోనే తేలుతుందన్న నైయాయికుల మతం పరతఃప్రామాణ్యం. నైయాయికులు తమ వాదానికి బలంగా చూపింది అనభ్యాసదశను, అంటే విషయంతో ఇంకా పరిచయం ఏర్పడని స్థితిని. ఆ స్థితిలో కలిగిన జ్ఞానం సరైనదేనా అన్న సందేహం సహజంగానే పుడుతుందనీ, దాన్నిబట్టి చేసిన పని ఫలించినప్పుడే ఆ సందేహం తీరుతుందనీ వారు అన్నారు. మొదటిసారి వచ్చిన యాత్రికుడు ఉన్నది సరిగ్గా ఈ దశలోనే. అయితే అతని నడకలో రెండు పక్షాలకూ చోటుంది: మాటను నమ్మకపోతే మొదటి అడుగే పడదు కనుక మీమాంసకుడిలా నమ్మి కదులుతాడు, మలుపు దగ్గర మరొకరిని అడిగి నైయాయికుడిలా సరిచూసుకుంటాడు. గుడ్డినమ్మకానికీ ఎడతెగని సందేహానికీ మధ్య మనిషి నిజంగా బతికే తావు ఇదే.

ఈ సంగతిని ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకైన శ్వేతకేతువుకు ఒక దృష్టాంతంతో చెప్పాడు. గాంధారదేశపు మనిషిని కళ్లకు గంతలు కట్టి తెచ్చి, జనం లేని చోట వదిలేస్తారు; అతడు దిక్కుతోచక అరుస్తుంటే ఒకరు వచ్చి గంతలు విప్పి, గాంధారం ఫలానా దిక్కున ఉంది, అటు వెళ్లమంటారు; తెలివిగలవాడైన ఆ మనిషి ఊరి నుంచి ఊరికి అడుగుతూ చివరికి తన దేశం చేరుకుంటాడు. ఆచార్యుడున్నవాడే సత్యాన్ని తెలుసుకుంటాడని చెప్పడానికి ఈ కథ వచ్చింది. ఇందులో ఆచార్యుడు చేసింది గంతలు విప్పి దిక్కు చూపడం వరకే. ఆ తర్వాత ప్రతి ఊళ్లోనూ ఆగి అడిగే ఓపిక, విన్నదాన్ని తూచుకునే తెలివి శిష్యునివే. ఒకసారి విన్న ఉపదేశంతో అంతా తెలిసిపోయిందనుకునేవాడూ, ఎవరినీ అడగనక్కరలేదనుకునేవాడూ ఇద్దరూ ఆ జనం లేని చోటే ఉండిపోతారు. తీర్థమన్న మాట కూడా దీన్నే చెబుతుంది: నదిని దాటడానికి వీలైన రేవుకు తీర్థమని పేరు, గురువుకూ తీర్థమనే పేరు, అందుకే ఒకే గురువు దగ్గర చదివినవారు సతీర్థ్యులు. ఎక్కడ దిగితే దాటగలమో ఎరిగినవాడే రెండు అర్థాల్లోనూ తీర్థం.

ఆ ఎరుక ఎవరి నోట వస్తుందో ముందుగా చెప్పలేమనడానికి కాశీ సందే సాక్షి. శంకరాచార్యులు ఒక సందులో చండాలుణ్ణి తప్పుకొమ్మన్నారనీ, తప్పుకోవలసింది దేహమా ఆత్మా అని అతడు ఎదురు ప్రశ్నించగా ఆయన అతణ్ణి గురువుగా అంగీకరించి మనీషాపంచకం చెప్పారనీ సంప్రదాయం. దారి ఇమ్మని అడిగిన చోట దారి తెలియడం ఆ కథలోని సారం. అడిగేవాడిలో వినయం లేకపోతే శబ్దప్రమాణం పనిచేయదు, ఎందుకంటే ఎవరి నోటి నుంచి వినాలో ముందే నిర్ణయించుకున్నవాడికి సరైన జవాబు పక్కనే ఉన్నా వినిపించదు.

చెప్పేవాడి బాధ్యత ఇంతకన్నా బరువైనది. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య, ప్రతి మజిలీ దూరాన్నీ, అక్కడి వసతులనూ తన లేఖల్లో ఓపికగా నమోదు చేశాడు. అవే కాశీయాత్ర చరిత్ర అయ్యాయి. కొత్తవాడిగా వెళ్లినవాడు తన తర్వాతి కొత్తవాళ్లకు ఆప్తుడు కావడమంటే ఇదే: స్వయంగా చూశాడు, చూసినట్టే చెప్పాడు, వెనుక వచ్చేవాళ్ల కష్టం తలుచుకుని చెప్పాడు. ఈ కర్తవ్యం గ్రంథకర్తలకే పరిమితం కాదు. హైదరాబాదు అమీర్‌పేట మెట్రోలో ఏ అంతస్తుకు ఎక్కాలో తెలియక నిలబడిపోయిన పల్లెటూరి పెద్దావిడ ఎవరినైనా ఒక మాట అడిగినప్పుడు, ఆ అడిగించుకున్న మనిషి మీద వాత్స్యాయనుడు చెప్పిన మూడు నియమాలూ ఒక్కసారిగా వచ్చి పడతాయి. తెలిస్తే నిలబడి, ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. తెలియకపోతే తెలియదనాలి, ఎందుకంటే మర్యాద కోసం ఊహించి చెప్పిన దారి కూడా అబద్ధమే, దాని మూల్యం చెల్లించేది ఆమె కాళ్లు. నగరాల్లో ఉంటున్న ప్రతి ఒక్కరూ కొత్తవాడికి దారి చెప్పడాన్ని తీరిక ఉంటే చేసే ఉపకారంగా కాక, సత్యవ్రతంలో భాగంగా పాటించాలి.