శరణ్యమగు శిల

1794 జూలై 10వ తేదీ ఉషఃకాలమున, అనంతపద్మనాభస్వామి కొండ చెంత, విజయనగర సంస్థానాధీశుడు పూసపాటి చినవిజయరామరాజు ఈస్టిండియా కుంపిణీ సేనల నెదిర్చి నేలకొరిగిన ఆ ముప్పావుగంట పోరును తలచినపుడెల్ల నన్ను కలచివేయు ప్రశ్న యొకటి కలదు: శరణన్నవానిని దైవము కాచుననుటకు అర్థమేమి?

దైవమును శరణన్నట్లే, గుండ్లవానలో రాతిచాటు అభయమని మనము నమ్ముదుము. కాని కఠినశిలను ఏటవాలుగా తాకిన సీసపుగుండు, తరచుగా తాను వచ్చిన కోణముకంటె తక్కువ కోణమున, ఆ రాతిముఖమునే యంటినట్లు దూసుకొనిపోవును. కావున గోడకు వీపానించి నిలిచినవానికంటె దానికి రెండడుగు లెడముగా నున్నవానికే ముప్పు తక్కువ. 1697లో ఆత్ ముట్టడియందు ఫ్రెంచి ఇంజనీరు వోబాన్ ఫిరంగిగుండ్లను కోటబురుజులపై గెంతించి, చాటున దాగినవారినే చెదరగొట్టెను.

వైష్ణవులు శరణాగతికి చెప్పిన ఆరంగములలో, భగవంతుడు రక్షించునను మహావిశ్వాస మొకటి. ఆ రక్షణను రాతిచాటువలె దేహమునకు కవచముగా నెంచినచో పద్మనాభయుద్ధము ఆ విశ్వాసమునకు గొడ్డలిపెట్టే. నేనట్లెంచను. ప్రాణమే కావలసినచో, సంస్థానమును వీడిపొమ్మన్న కుంపిణీ ఆజ్ఞకు తలయొగ్గి ఆ రాజు భరణముతో బ్రతుకవచ్చును; ఆతడు స్వామిసన్నిధిని కోరినది, భయమును వీడి నిలుచు శక్తినే యని నా నమ్మకము. ఆయన కుమారుడు నారాయణబాబుకు పిమ్మట సంస్థానము కొంత తగ్గి తిరిగి దక్కెను. దానిని దైవరక్షణ యనుటకు మాత్రము నాకు మనసొప్పదు, ఏలన దాని మూల్యమును చెల్లించినవారు ఆ కొండ క్రింద కూలిన భటులు.